పందొమ్మిదికీ ఇరవైకీ నడుమ

పేకముక్కలను గూర్చి కళాశాల వార్షిక సంచికలో వ్యాసం వ్రాయబూనడం ఎంతవరకు మర్యాద అనే సందేహం కలం పట్టిన క్షణం నుంచీ నన్ను వదలలేదు. పూర్వవిద్యార్థులు తమ చదువుకున్న రోజులను గూర్చి ఏదైనా వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గం వారు కోరినప్పుడు గ్రంథాలయాన్ని గూర్చియో, గురువులను గూర్చియో వ్రాయడం సముచితమని నేనూ ఎరుగుదును. అయినా ఆ మూడేళ్ళలో నేర్చిన పాఠాలన్నీ ఏదో ఒకనాటికి ఒంటబట్టినవే. ముప్పైరెండు పేకముక్కల దగ్గర ఎదురైన ఒక్క లెక్క మాత్రం నేటికీ తేలలేదు. ముప్పైనాలుగు సంవత్సరాలు లెక్కల ఉపాధ్యాయుడుగా పనిచేసినవానికి ఇది చిన్నతనమే. పాలకవర్గపు పెద్దలు కనుబొమలు ముడివేయకముందే ఒక మాట మనవి చేసుకుంటాను. మేమెన్నడూ పైసా పందెం ఒడ్డి ఎరుగము. ఓడినవారి చెవిలో వేపరెమ్మ పెట్టడమే మా ఆటలోని శిక్ష.

1977లో నేను పత్తికొండ ప్రాంతపు పల్లె నుంచి కర్నూలు వచ్చి బి.యస్సి.లో చేరాను. వసతిగృహంలో నాతో గది పంచుకున్న విద్యార్థి గుంతకల్లువాడు. అతని తండ్రి రైల్వే ఉద్యోగం మీద పాలఘాటు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మలయాళీ. పెట్టెలో పుస్తకాలకంటె ముందు పేక సర్దుకొని వచ్చిన ఆ మహానుభావుడే మా వరండాకు 'ఇరవై ఎనిమిది' అనే ఆటను తెచ్చాడు. కేరళలో ఈ ఆటకున్న ప్రచారం మనవైపు లేదు. అక్కడ ఓడినవారి చెవికి కుణుక్కు అనే లోలాకు తగిలించి చుట్టూ ఉన్నవారు నవ్వుతారట. వసతిగృహంలో లోలాకులెక్కడివి? పెరట్లోని వేపచెట్టే ఆ లోటు తీర్చింది.

ఆట తెలియని పాఠకుల కొరకు నాలుగు మాటలు చెప్పక తప్పదు. పేకలోనుంచి రెండు మొదలు ఆరు వరకు ఉన్న ముక్కలు తీసివేస్తే ముప్పైరెండు మిగులుతాయి. ఆడేవారు నలుగురు. ఎదురెదురుగా కూర్చున్నవారు జోడీలు. ఈ రాజ్యంలో రాజుకూ రాణికీ విలువ లేదు. బంటు వంటి జాకీయే అందరికీ పెద్ద. జాకీకి మూడు పాయింట్లు, దాని తరువాతిదైన తొమ్మిదికి రెండు, ఆసుకు ఒకటి, పదికి ఒకటి. తక్కినవి సున్న. రంగుకు ఏడు చొప్పున నాలుగు రంగులకు ఇరవై ఎనిమిది. అదే ఆట పేరు.

మొదట మనిషికి నాలుగు ముక్కలు మాత్రమే పంచుతారు. ఆ నాలుగింటిని చూసుకొని, తన జోడీ ఎన్ని పాయింట్లు తేగలదో పాడాలి, లేదా పాస్ అనాలి. వేలాన్ని మన తెలుగువారు పాట అనడం ఇక్కడ ఎంత చక్కగా అమరిందో! పాట పద్నాలుగుతో, అనగా సరిగ్గా సగంతో, ఆరంభమవుతుంది. పాట దక్కినవాడు తన చేతిలోని ఒక ముక్కను తురుపుగా బోర్లించి పెట్టిన తరువాతనే మిగిలిన నాలుగేసి ముక్కలు పంచుతారు. ఆ తురుపు ఏ రంగో పాడినవానికి తప్ప అతని జోడీకి సైతం తెలియదు. వేసిన రంగు చేతిలో లేనివాడు చూపమని అడిగినప్పుడే అది బయటపడుతుంది. అంతవరకు దానికి తురుపు బలం రాదు.

ఇక నా కథకు ముఖ్యమైన నియమాలు రెండు. ఒకసారి పాస్ అన్నవాడు ఆ పంపకంలో మళ్ళీ పాటలోకి రాకూడదు. తన జోడీ పాటే అందరికంటె పైన ఉన్నప్పుడు దానిమీద తాను పాడదలచినవాడు ఇరవైకి తక్కువ పాడకూడదు. ఇరవై, ఆపైన పాడి గెలిస్తే రెండు ఆటల లెక్క, ఓడితే మూడు ఆటల నష్టం. పద్ధతులు ఊరికొక తీరుగా ఉంటాయి, మా వరండా పద్ధతి ఇది.

మరొక్క ముచ్చట చెప్పి అసలు సంగతికి వస్తాను. కళావరు, ఆఠీను, తురుపు అనే మాటలు మన తాతలనాటివని అనుకుంటాము గదా, నిజానికి ఇవి డచ్చివారి మాటలు. పదిహేడవ శతాబ్ది ఆరంభంలోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టుకున్న ఆ వర్తకులు వస్త్రాలు ఓడలకెక్కించుకొని పోతూ ఈ మాటలను మనకు వదలిపోయినారు. జాకీకీ తొమ్మిదికీ పెద్దపీట వేసే ఆటలు వారి దేశంలోనూ ఉన్నాయి. తెలుగులో తురుపు అన్నదాన్నే ఉర్దూలో తురుప్ అంటారు. పాస్ అన్నమాట సరేసరి. నాకూ నా జోడీకీ నడుమ ఉమ్మడిగా ఉన్న మాటలు అప్పటికి ఇంచుమించు ఇవే.

నా జోడీ పాతబస్తీవాడు. ఇంటర్మీడియట్ వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి మా తరగతిలో చేరాడు. వారి తండ్రిగారికి పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణం ఉండేది. మైదాపిండిలో మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురు వాసన అతని చొక్కాలకు ఎప్పుడూ ఉండేది. అతనికి తెలుగు రాదనడం తప్పు. బజారులో, వీధిలో మాట్లాడవలసినంత వచ్చు. నాకు ఉర్దూ అంతకంటె తక్కువ. ధర అడగడానికీ దారి చెప్పడానికీ మాకు భాష చాలేది. మనసులోని మాట చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఇద్దరమూ తడబడేవాళ్ళము. సాయంకాలం వరండాలో జంబుఖానా మీద ఎదురెదురుగా కూర్చొని, అతడు ఒక అంకె పలికితే ఆ అంకె వెనుక ఏముందో నాకు అర్థమయ్యేది. పాట తప్ప మరొక మాట ఆడరాదన్న నియమం తక్కిన జోడీలకు కష్టంగా ఉండేది కాబోలు, మాకు మాత్రం అది పెద్ద సుఖం.

పాడాలా, పాస్ అనాలా అనే ప్రశ్న చూడటానికి చిన్నదే. లెక్కల విద్యార్థిని గనుక మొదటి నెలలోనే దానికి కాగితం మీద సమాధానం వ్రాసుకున్నాను. నా చేతిలో నాలుగు ముక్కలు. కనబడనివి ఇరవై ఎనిమిది. అందులో నాలుగు మళ్ళీ నాకే వస్తాయి, ఎనిమిది జోడీకి పోతాయి, పదహారు ఎదుటివారికి. నేను ఆశపడే ఏ ఒక్క ముక్కయినా మా పక్షాన పడే అవకాశం ఇరవై ఎనిమిదింట పన్నెండు, అనగా ఏడింట మూడు. సగానికి తక్కువ. కనుక ఆశను నమ్మి పాడేవాడు ఓడతాడు. ఒకే రంగులో జాకీ, తొమ్మిదీ ఉంటే పదహారు వరకు పాడవచ్చు. మరొక రంగు జాకీ కూడ తోడైతే పదిహేడు, పద్దెనిమిది. వేరే రంగు ఆసును బలమని నమ్మరాదు. రంగుకు ఎనిమిదే ముక్కలు, మనిషికి సగటున రెండు. ఒక రంగు రెండవమారు తిరిగేసరికి ఎవరో ఒకరి దగ్గర అది అయిపోయి తురుపు పడుతుంది. ఈ సూత్రాలన్నీ ఒక నోటు పుస్తకం చివరి పుటలో వ్రాసుకొని, ఇక నన్ను ఓడించేవాడు లేడనుకున్నాను.

వ్రాసుకొననిది ఒక్కటే. జోడీ నోరు విప్పిన మరుక్షణం ఏడింట మూడు అన్న లెక్క చెల్లదు. అతడు పదిహేడు పాడాడంటే పదిహేడుకు తగినదేదో అతని చేతిలో ఉన్నదన్నమాట. చీకటిలో ఉన్న ఇరవై ఎనిమిది ముక్కలలో మూడో నాలుగో వెలుగులోకి వచ్చినట్లే. పాస్ అన్నా అంతే, అదీ ఒక వార్తయే. ఒక్కొక్కప్పుడు ఎదుటివారు పదిహేడు దగ్గర ఆగితే, చేతిలో ఏమీ లేకపోయినా పద్దెనిమిది అని వారిని మరొక మెట్టు ఎక్కించే గడుసుదనం కూడ ఉన్నది. వారు ఎక్కకపోతే మనము పడతాము. నా జోడీకి ఆ గడుసుదనం లేదు. లేనిది ఉన్నదని అతడు ఎన్నడూ పాడలేదు.

1978 దసరా సెలవుల ముందు ఒకనాటి ఆట నాకు నేటికీ జ్ఞాపకం. నాకు డైమను జాకీ, తొమ్మిది, పైగా ఇస్పేటు జాకీ వచ్చినవి. నేను పదహారు అన్నాను. ఎదుటివారు పద్దెనిమిది దాకా వచ్చినారు. నా జోడీ తాపీగా పందొమ్మిది అన్నాడు. కుడివైపువారూ ఎడమవైపువారూ విరమించుకున్నారు. ఇక నా వంతు. నేను పాస్ అని ఊరకుంటే చాలు, నా రెండు జాకీలూ అతని పాటకు స్తంభాలుగా నిలిచి ఉండేవి. అయినా ఇంత మంచి చేయి పట్టుకొని తురుపు నేను పెట్టకుండా మరొకడు పెట్టడమా అనిపించింది. ఇరవై అన్నాను. అతని ఆఠీను జాకీ, తొమ్మిది నా డైమను తురుపు ముందు సగం బలం కోల్పోయినాయి. పద్దెనిమిదితో ఆగిపోయినాము.

వేపరెమ్మ చెవిలో పెట్టుకుంటూ అతడు నవ్వి, "ఉన్నీస్ బీస్ కా ఫరక్, దోస్త్" అన్నాడు. ఉర్దూలో రెండు వస్తువులకు పెద్ద తేడా లేదని చెప్పవలసినప్పుడు పందొమ్మిదికీ ఇరవైకీ ఉన్నంత తేడా అంటారని గదిలోని మరొక మిత్రుడు వివరించాడు. ఈ ఆటలో మాత్రం అంతకంటె పెద్ద తేడా మరొకటి లేదు. పందొమ్మిది వరకు పాట జోడీది; ఇరవై అన్నామంటే అతని చేతిలోనిది లాక్కొన్నట్లు. ఆనాడు సిగ్గుపడి ఒక నిర్ణయం చేసుకున్నాను. జోడీ ఒక మాట అన్న తరువాత దానిమీద నేను నోరు విప్పను. అతడు తన చేతి ముక్కలు చూసుకొనే గదా పాడుతున్నాడు! నా చేతిలో ఎంత ఉన్నా పాస్ అనడమే అతని తెలివికి నేనిచ్చే గౌరవం. ఆ నిర్ణయం మమ్మల్ని గెలిపించింది కూడ. మరుసటి సంవత్సరం వసతిగృహంలో మా జోడీ చెవిలో వేపరెమ్మ కనబడటమే అపురూపమైంది. ఆ కీర్తి వార్డెను గారి చెవిని సైతం పడింది. ఒక సాయంకాలం ఆయన చప్పుడు చేయకుండా వచ్చి నా వెనుక నిలబడి, ఆట పూర్తయ్యేదాకా చూసి, "పరీక్షలైన తరువాత ఆడండి" అని మాత్రం అని వెళ్ళిపోయినారు. నా చేతి ముక్కలు చూసి ఆయన ముఖంలో ఏ మార్పూ కనబడనివ్వకపోవడం మేమందరమూ మెచ్చుకున్నాము.

1980 జనవరిలో నా జోడీ తండ్రిగారికి పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది. చేతిపని మీద బ్రతికేవానికి అది పోవడమంటే ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు. చివరి సంవత్సరపు పరీక్ష రుసుము కట్టడానికి గడువు ఇంకొక్క రోజున్నదనగా అతడు యథాప్రకారం సాయంకాలం వరండాకు వచ్చాడు. రెండు పంపకాలు ఆడినాము. మూడవ పంపకానికి ముక్కలు కలుపుతూ, తల ఎత్తకుండా, "రేపటి నుంచి నేను రాను. దుకాణంలో కూర్చుంటాను" అన్నాడు. తరువాత తల ఎత్తి నా వంక చూశాడు.

ఆ చూపును ఇప్పటికి ఎన్ని వందలసార్లు తలచుకున్నానో లెక్క లేదు. అది నాకు బాగా తెలిసిన చూపు. తాను పాడవలసినంతా పాడి, ఇక నీ వంతు అని జోడీ చూసే చూపు.

మా గదిలో నా మంచం క్రింద ట్రంకుపెట్టె ఉన్నది. అందులో మా అన్న పంపిన మనియార్డరు సొమ్ము ఉన్నది. వారం రోజుల క్రిందటే వచ్చింది. ఇద్దరి పరీక్ష రుసుముకూ చాలి ఇంకా మిగిలేంత. అది రుసుము కొరకు పంపిన సొమ్ము కాదు. వేరుసెనగ పంట బాగా వచ్చిన సంతోషంలో నాకు చేతిగడియారం కొనుక్కోమని పంపినది.

"నీ ఇష్టం భాయ్" అన్నాను.

అంతే. అతడు తల ఊపి ముక్కలు పంచాడు. ఆ ఆట గెలిచామో ఓడామో జ్ఞాపకం లేదు. మరునాడు గడువు ముగిసింది. ఆ తరువాతి వారం నేను హెచ్.ఎం.టి. జనతా గడియారం కొని మణికట్టుకు కట్టుకున్నాను.

ఎన్నో ఏళ్ళు నేను నాకు చెప్పుకున్న సమాధానం ఇది. అతని ఇంటి సంగతి అతనికే తెలుసు. తండ్రి, పెండ్లి కావలసిన ఇద్దరు చెల్లెళ్ళు, దుకాణపు అద్దె, అవన్నీ అతని చేతిలోని ముక్కలు. నాకు కనబడనివి. అతడు ఆలోచించుకొని ఒక మాట అన్న తరువాత దానిమీద మాటాడటం 1978లో నేను చేసిన పొరపాటే మళ్ళీ చేయడం. ఈ సమాధానంలో అబద్ధం లేదు. అందుచేతనే దానిని ఇంతకాలం మోయగలిగాను. కానీ ఆ సాయంకాలం పాస్ అన్నప్పుడు నా మనసులో అతని తెలివి మీద గౌరవం ఎంత ఉన్నదో, దుకాణపు అద్దాలబీరువాలో చూసి వచ్చిన గడియారం ఎంత ఉన్నదో వేరుచేసి చూడలేను.

చదువు ముగిసిన తరువాత నేను ఉపాధ్యాయ శిక్షణ పొంది 1984లో ఉద్యోగంలో చేరాను. కర్నూలు వచ్చినప్పుడల్లా దుకాణానికి వెళ్ళి కూర్చునేవాడిని. తండ్రిగారు పోయినారు. చెల్లెళ్ళకు పెండ్లిళ్ళయినాయి. అతడు బడిపిల్లల పాఠ్యపుస్తకాలకూ, కార్యాలయాల దస్త్రాలకూ, మసీదులలోని గ్రంథాలకూ, ఈ కళాశాల గ్రంథాలయపు పుస్తకాలకూ అట్టలు కట్టేవాడు. ఆ కూర్చున్న గంటలలో లోకాభిరామాయణమంతా మాట్లాడుకునేవాళ్ళము, 1980 మాట తప్ప.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ ఏకమై కర్నూలు పాతబస్తీని ముంచివేసిన సంగతి ఈ ఊరివారికి చెప్పనవసరం లేదు. అప్పుడు నేను ఆదోని తాలూకాలోని ఒక పల్లెలో పనిచేస్తున్నాను. దారులు తెరిచిన వెంటనే బయలుదేరి వచ్చాను. దుకాణంలో మోకాలెత్తు బురద. నానిన కాగితం ఎంతగా ఉబ్బుతుందో అప్పుడే చూశాను. అరలలో ఇరికి ఉన్న పుస్తకాలు ఉబ్బి చెక్కలను చీల్చినాయి. ఇద్దరమూ తట్టలతో బురద ఎత్తిపోసి, అలసి, గడపమీద కూర్చున్నాము. అప్పుడు అతడు తనంతట తానే అన్నాడు.

"ఆ దినం నీ ట్రంకులో పైసలుండె. నాకు తెలుసు. మనియార్డరు వచ్చినప్పుడు గేటు కాడ నీ పక్కనే ఉంటిని గదా."

నాకు నోట మాట రాలేదు. అతడు నా భుజం మీద బురదచేయి వేసి, "చేతిలో జాకీ పెట్టుకొని కూడా పాస్ అంటివే, అంటే నేను దుకాణం నిలబెడతానని నీకు నమ్మకం అనుకున్యా. ఆ నమ్మకంతోనే నిలబెడితి" అన్నాడు.

ముప్పై ఏళ్ళ దుకాణం మా కాళ్ళ ముందు బురదలో కలిసి ఉన్నది. అతడు దాన్ని నిలబెట్టిన నమ్మకం నేనివ్వనిది. కాదు భాయ్, అది నమ్మకం కాదు, గడియారం అని ఆ గడపమీద చెప్పవలసిన మాట. చెప్పితే అతనికి మిగిలిన ఆ ఒక్కటీ కూడ వరదలో కలుస్తుందేమోనన్న భయం. చెప్పకపోతే అతని మెప్పును దొంగసొమ్ములాగ దాచుకోవడం. మళ్ళీ అదే ప్రశ్న, పాడాలా, పాస్ అనాలా? నేను తట్ట తీసుకొని లేచాను. అది రెండవ పాస్.

పదవీవిరమణ తరువాత, 2019 వేసవిలో, అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండలేక, ఆ వీధి చివరనున్న వృద్ధుల కేంద్రానికి వెళ్ళి కూర్చునేవాడిని. అక్కడ నలుగురు పెద్దవాళ్ళు పీనకల్ అనే ఆట ఆడుతూ ఉండేవారు. బినోకెల్ అనే జర్మను ఆట పందొమ్మిదవ శతాబ్దిలో వలసజనంతో అక్కడికి చేరి ఈ రూపం దాల్చిందట. తొమ్మిది మొదలు ఆసు దాకా ప్రతి ముక్కా రెండేసి చొప్పున నలభై ఎనిమిది ముక్కలు; మనిషికి పన్నెండు. పది ముక్క రాజుకంటె పెద్దది. ఎదురెదురువారు జోడీలు. పాట ఉన్నది, తురుపు ఉన్నది, పాస్ అన్నవాడు మళ్ళీ రాకూడదన్న నియమం ఉన్నది. నాకు పుట్టింటికి వచ్చినట్లనిపించింది.

ఒక్క పెద్ద తేడా ఉన్నది. ఆట ఆరంభించకముందే ప్రతివారూ తమ చేతిలోని కూర్పులను బల్లమీద పరచి లెక్క కట్టుకుంటారు. ఒకే రంగు రాజూ రాణీ కలిస్తే పెండ్లి, దానికి ఇరవై. తురుపు రంగులో అయితే నలభై. ఇస్పేటు రాణికీ డైమను జాకీకీ జత కలిస్తే పీనకల్, దానికి నలభై. తురుపులో ఆసు నుంచి జాకీ దాకా వరుస వస్తే నూటయాభై. ఇక పట్టులలో దొరికేవన్నీ, చివరి పట్టుకు ఇచ్చే పదితో సహా, రెండువందల యాభై. పాట నెగ్గడానికి ఇద్దరి కూర్పులూ ఇద్దరి పట్టులూ కలుస్తాయి. తన కూర్పు ఎంతో జోడీకి తెలియజేయడానికి పాట తప్ప వేరే దారి లేదు. అందుచేత అక్కడివారు గెలుచుకోవడానికే గాక, తెలియజేయడానికి కూడ పాడతారు. పాటను ఎన్ని మెట్లు పెంచారన్నదానిని బట్టి జోడీ అర్థం చేసుకుంటాడు.

ఒక పెద్దాయన, ఎనభైకి దగ్గరివాడు, తన భార్యకు జోడీగా ఆడేవాడు. ఒకనాడు ఆయన వెనుక కూర్చొని ముక్కలు చూస్తున్నాను. తురుపు పెట్టదగిన రంగు ఒక్కటీ లేదు. నేనైతే కన్ను మూసుకొని పాస్ అనేవాడిని. ఆయన రెండు మెట్లు పెంచి పాడాడు. ఆమె పైకి పాడి తురుపు పెట్టింది. ఆయన కూర్పు పరిచాడు, పాట నెగ్గింది. ఆట తరువాత నా సందేహం అడిగాను. పాట నాకు అక్కరలేదు, నా దగ్గర ఉన్నది ఆమెకు తెలియాలి గదా, తెలిసిన తరువాత పాడుకోవడమో మానుకోవడమో ఆమె ఇష్టం అన్నాడాయన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1978లో నేను ఇరవై అన్నది లాక్కోవడానికే, నిజమే. దానికి సిగ్గుపడి నేర్చుకున్న పాఠంలోనే పొరపాటున్నది. జోడీ పాట మీద పాడటమంటే లాక్కోవడమొక్కటేనని అనుకున్నాను. 1980లో "నా దగ్గర ఇంత ఉన్నది భాయ్" అని ఒక్క మాట అని, ఆపైన నీ ఇష్టం అని ఉండవచ్చును. అప్పుడు కూడ అతడు దుకాణంలోనే కూర్చునేవాడేమో! అతని తెలివికి గౌరవం ఇవ్వడమంటే ముక్కలన్నీ చూపి ఇవ్వడమే గాని, నాలుగు దాచిపెట్టి ఇవ్వడం కాదు గదా.

తిరిగి వచ్చిన తరువాత చెప్పుదామనుకుంటూనే రోజులు గడిచిపోయినాయి. ఈలోగా కోవిడ్ వచ్చి రెండేళ్ళు ఊళ్ళు కదలనివ్వలేదు. 2023లో రంజాను పండుగ మరునాడు వారింటికి వెళ్ళాను. దుకాణం ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. అట్టలు తక్కువ, జిరాక్సులు ఎక్కువ. భోజనాలైన తరువాత మనుమడు పేక తెచ్చాడు. తాత వానికి ఇరవై ఎనిమిది నేర్పి ఉన్నాడు. తండ్రీకొడుకులు ఒక జోడీ, మేమిద్దరమూ ఒక జోడీ.

నాలుగు ఆటలు సరిసమానంగా నడిచినాయి. ఐదవ పంపకంలో నాకు కళావరు జాకీ, కళావరు ఆసు, ఇస్పేటు జాకీ, ఆఠీను ఎనిమిది వచ్చినవి. నా జోడీ పదిహేడు అన్నాడు. కుర్రవాడు పాస్ అన్నాడు. నా లెక్క ప్రకారం, నా సూత్రాల ప్రకారం, నా నలభైఅయిదేళ్ళ అలవాటు ప్రకారం ఇది నూటికి నూరుపాళ్ళూ పాస్ అనవలసిన చేయి. నా రెండు జాకీలతో అతని పదిహేడు నడిచి వెళ్ళిపోతుంది.

"ఇరవై" అన్నాను.

అతడు ముక్కలమీదుగా కళ్ళెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో అతని పాటమీద నేను పాడటం అది రెండవసారి. ఏమీ అనలేదు, పాస్ అన్నాడు. కళావరు ముక్కను బోర్లించి పెట్టాను. తరువాత వచ్చిన నాలుగు ముక్కలలో పనికివచ్చేది ఒక్కటీ లేదు. కళావరు తొమ్మిది, దానితోపాటు మరి మూడు కళావరులు కుర్రవాని చేతికే చేరినవని ఆట సగమయ్యాక తెలిసింది. చివరి పట్టు కూడ వాడే తీసుకున్నాడు. పాయింట్లు లెక్కపెడితే పందొమ్మిది వచ్చినాయి.

కుర్రవాడు కేకలు వేస్తూ వాకిట్లోకి పరుగెత్తి రెండు వేపరెమ్మలు తెచ్చి మా ఇద్దరి చెవులలో పెట్టాడు. ఇంట్లోవాళ్ళందరూ వచ్చి నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్యనే చెప్పాను. ఆ సొమ్ము గడియారం కోసం దాచుకున్నానని, ఆనాడు నేను పాస్ అన్నది నమ్మకంతో కాదని, ఉన్నదని చెప్పడానికి నోరు రాక అని. నా తెలుగు అతనికి అందిందో లేదోనని వచ్చీరాని ఉర్దూలో మళ్ళీ చెప్పాను.

అతడు చాలాసేపు ఏమీ అనలేదు. చెవిలోని రెమ్మ తీయకుండానే ముక్కలన్నీ దగ్గరకు లాక్కొని సరిచేసుకుంటున్నాడు.

"ఆ గడియారం ఇప్పుడుందా?" అన్నాడు.

ఉన్నదన్నాను.

"నడుస్తుందా?"

"నడుస్తుంది. రోజూ పొద్దున తాళం ఇవ్వాలి" అన్నాను.

తల ఊపి ముక్కలు కలిపి, కోయమని నా ముందు పెట్టాడు.